నోరులేని జీవి తరఫున వాది ఎవరు?

పెళ్ళిళ్ల కాలం వచ్చిందంటే మన పట్టణ వీధుల్లో గుర్రాలు మళ్లీ కనిపిస్తాయి. మెడలో పూసల దండలు, నుదుట మెరిసే పట్టీ, వీపున జరీ వస్త్రం, దానిపై వరుడు. చుట్టూ బాణసంచా, చెవులు చిల్లులుపడే డీజే మోత. ఆ అలంకారాన్ని తొలగించి దాని కింద ఏమున్నదో చూసేవారు తక్కువ. జీను ఒరిపిడికి మానని పుండు, వేళకు మార్చని లాడం, తారురోడ్డుపై గంటల తరబడి నిలిచి వాచిన కాళ్ళు, లెక్కపెట్టగల డొక్క ఎముకలు. అన్ని గుర్రాలూ ఇలాగే ఉన్నాయని మేము అనము. తన బిడ్డకంటే ముందు గుర్రానికి దాణా పెట్టే యజమానులను మేమెరుగుదుము. అయినా ఇటువంటి దృశ్యం ఒక్కటైనా చూడనివారు మన పట్టణాల్లో అరుదు.

నగరంలో బతికే గుర్రం బాధ్యత ఎవరిది? దాని యజమానిదేనా, ప్రభుత్వానిది కూడానా? ప్రజల సొమ్ములో దానికి వాటా ఉన్నదా? హింసించేవాణ్ణి చట్టం ఎంతవరకు బలవంతపెట్టాలి? ఆ హింసించేవాడు స్వయంగా ఆకలితో ఉన్న పేదవాడైతే ఏం చేయాలి? మనుషుల కష్టాలే తీరని లోకంలో ఇది అల్ప విషయంగా తోచవచ్చు. అయితే మన ధర్మశాస్త్రవేత్తలు దీనిని ఎన్నడూ అల్ప విషయంగా ఎంచలేదు. ఈ నెల ఈ శీర్షికలో ఆ సంగతినే పాఠకుల ముందుంచదలిచాము.

మూగజీవి మొర

దివ్యఖుర్ఆన్‌లో ‘ఆదియాత్’ సూరా పరుగులు తీసే గుర్రాలపై ప్రమాణంతో ఆరంభమవుతుంది. ఆ వెంటనే మానవుడు తన ప్రభువు పట్ల కృతఘ్నుడన్న మాట వస్తుంది. ఈ రెండింటి పొందిక ఏమిటని విద్యార్థులు అడుగుతుంటారు. గుప్పెడు గడ్డి వేసిన యజమాని కోసం గుర్రం ప్రాణాలకు తెగించి పరుగెత్తుతుంది. సర్వమూ ప్రసాదించిన ప్రభువు కోసం మనిషి ఒక్క అడుగు వేయడానికి వెనకాడుతాడు. గుర్రం మనకు వాహనమే కాదు, మన కృతఘ్నతను చూపించే అద్దం కూడా.

మహాప్రవక్త ముహమ్మద్ (స) తన గుర్రం ముఖాన్ని స్వయంగా తన పైవస్త్రంతో తుడిచేవారని ఇమామ్ మాలిక్ (రహ్మ) గ్రంథస్థం చేశారు. గుర్రాల విషయమై తమకు దైవం నుండి హెచ్చరిక అందినట్లు ఆయన తెలిపారట. అబూదావూద్ సంకలనంలో మరొక సంఘటన ఉన్నది. ఒక అన్సారీ తోటలోకి ప్రవక్త (స) అడుగుపెట్టగా అక్కడున్న ఒంటె ఆయనను చూసి కన్నీరు కార్చింది. ఆయన దాని తల నిమిరి, యజమాని ఎవరని విచారించి, ఆ యువకుణ్ణి పిలిపించి మందలించారు. ఒంటెను ఆకలితో మాడ్చి, దాని చేత వెట్టి చేయిస్తున్నాడన్నది అభియోగం.

ఈ సంఘటనలో మనం గమనించవలసినది ప్రవక్తవారి దయ ఒక్కటే కాదు. ఆయన ఆ సమయంలో మదీనా పాలకులు కూడా. ఒక పౌరుని సొంత తోటలో, అతని సొంత పశువు విషయంలో విచారణ జరిపారు. అది నా సొత్తు, నా ఇష్టం అనే మాటకు అక్కడ చోటు లేకపోయింది. ఆగి ఉన్న వాహన పశువుల వీపులను ఉపన్యాస వేదికలుగా చేసుకోరాదని కూడా ఆయన ఆదేశించారు. అంటే పని లేకున్నా వాటిపై కూర్చుని కాలక్షేపం చేయకూడదు. వరుణ్ణి వీపున మోస్తూ ఫోటోల కోసం గంటసేపు కదలకుండా నిలబడే గుర్రాన్ని చూసినప్పుడు ఈ ఆదేశం మాకు గుర్తుకు వస్తుంది.

న్యాయమూర్తి బలవంతపెట్టవచ్చునా?

మదర్సాలలో బోధించే ‘హిదాయా’లో పోషణ ఖర్చులకు సంబంధించిన అధ్యాయం ఒకటున్నది. దానిని ‘నఫఖా’ అంటారు. భార్య పోషణ, సంతానం పోషణ, తల్లిదండ్రుల, బంధువుల పోషణ అన్నీ వివరించిన తరువాత ఆ అధ్యాయం చిట్టచివర పశువుల ప్రస్తావన వస్తుంది. చాలామంది విద్యార్థులు అప్పటికి అలసిపోయి ఆ వాక్యాలను గబగబా దాటేస్తారు. నేటి మన ప్రశ్నకు బీజం అక్కడే ఉన్నది.

యజమాని తన పశువుకు మేత పెట్టకపోతే న్యాయస్థానం అతణ్ణి బలవంతపెట్టగలదా అన్నది అక్కడి చర్చ. హనఫీ మజ్‌హబ్‌లో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం మేత పెట్టడం అతనికి విధి. పెట్టకుంటే అల్లాహ్ ఎదుట పాపి. అయితే న్యాయమూర్తి అతణ్ణి బలవంతపెట్టడు. కారణం, తీర్పు ఇవ్వాలంటే హక్కు కోరే వాది ఉండాలి. పశువు వాదిగా నిలువజాలదు. ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ (రహ్మ) మాత్రం బలవంతపెట్టవలసిందేనన్నారు. హనఫీలలోనే హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఇమామ్ అబూయూసుఫ్ (రహ్మ) సైతం ఆ పక్షమే వహించారు. ఆయన న్యాయపీఠంపై కూర్చున్నవారు. ఉపదేశంతో మారని మనుషులను నిత్యం చూసినవారు.

తరువాతి కాలపు హనఫీ మహాపండితుడు ఇబ్నుల్ హుమామ్ (రహ్మ) ‘హిదాయా’కు వ్యాఖ్య రాస్తూ ఈ చిక్కుముడిని విప్పారు. అధిక సంఖ్యాక ఇమాముల మాటే సత్యమని ఆయన తేల్చారు. వాది లేడన్న ఆక్షేపణకు ఆయన చెప్పిన సమాధానం ‘హిస్బా’. మంచిని ఆజ్ఞాపించి చెడును నివారించే బాధ్యత సమాజం మొత్తానిదీ. ఆ బాధ్యతతో ఎవరైనా న్యాయస్థానం తలుపు తట్టవచ్చు. అప్పుడు నోరులేని జీవికి నోరున్న ప్రతి విశ్వాసీ వాదియే.

ఇది పుస్తకాలకే పరిమితమైన మాట కాదు. క్రీ.శ. 1058లో పరమపదించిన ఇమామ్ మావర్దీ (రహ్మ) పాలనాశాస్త్రంపై రాసిన గ్రంథంలో, పశువులను శక్తికి మించి వాడుకునేవారిని అడ్డుకోవడం నగర తనిఖీ అధికారి అయిన ముహ్‌తసిబ్ విధులలో ఒకటిగా పేర్కొన్నారు. 12వ శతాబ్దికి చెందిన షైజరీ మరింత వివరంగా రాశారు. కట్టెలు, గడ్డి మోసుకొచ్చిన పశువులు బజారులో ఆగినప్పుడు వాటి వీపున బరువును అలాగే ఉంచరాదు, దించవలసిందే. నేడు నగరపాలక సంస్థ తనిఖీదారు చేయవలసిన పని ఇదే.

పచ్చికబయలు ఎవరిది?

బలవంతపెట్టడం గురించి చెప్పుకున్నాము. ప్రజాధనం సంగతి చూద్దాము.

మదీనా సమీపాన ‘నఖీ’ అనే ప్రదేశాన్ని మహాప్రవక్త (స) ముస్లింల గుర్రాల మేత కోసం ప్రత్యేకించారు. ఇటువంటి రక్షిత భూమిని ‘హిమా’ అంటారు. హజ్రత్ ఉమర్ (రజి) తమ కాలంలో షరఫ్, రబజా అనే ప్రాంతాలను కూడా ఆ విధంగా రక్షించారు. అంటే పశువుల పోషణ కోసం ప్రభుత్వ ఆస్తిని కేటాయించడం మనకు కొత్త కాదు.

ఆ భూమికి కాపలాగా హునై అనే వ్యక్తిని నియమించినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) అతనికి ఇచ్చిన సూచనలు సహీహ్ బుఖారీలో భద్రంగా ఉన్నాయి. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు గల పేదవాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. సంపన్నులైన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ (రజి)ల మందల విషయంలో మాత్రం జాగ్రత్త వహించమన్నారు. వారి పశువులు నశించినా వారికి తోటలూ పొలాలూ ఉన్నాయి. పేదవాని పశువులు నశిస్తే అతడు పిల్లలను వెంటబెట్టుకుని తమ వద్దకే వచ్చి మొరపెట్టుకుంటాడు. అప్పుడు వెండి బంగారాలు ఇచ్చుకోవడం కంటే ఇప్పుడు నీరు, గడ్డి ఇవ్వడమే తమకు తేలిక అని వివరించారు.

పాఠకులు ఈ తర్కాన్ని నిదానంగా ఆలోచించాలని మా కోరిక. మనుషులకే దిక్కులేదు, గుర్రాలకు డబ్బెందుకు అనేవారికి ఇదే సమాధానం. గుర్రం వెనుక ఒక కుటుంబమున్నది. గుర్రం కూలిపోయిన రోజున ఆ కుటుంబం కూడా కూలిపోతుంది. ముందే ఒక నీటి తొట్టి, ఒక పశువైద్యుడు అందుబాటులో ఉంటే ఖజానాపై పడే భారం స్వల్పం.

యజమాని నిజంగానే అశక్తుడైతే ఏమి చేయాలన్నదానిపై షాఫయీ పండితులు ఒక క్రమాన్ని చెప్పారు. ముందు ఆ పశువును అమ్మించాలి, లేదా అద్దెకిప్పించి దాని మేత ఖర్చు రాబట్టాలి. అదీ వీలుకాకపోతే బైతుల్‌మాల్, అంటే ప్రజా ఖజానా, ఆ ఖర్చు భరించాలి. ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) పశువుల హక్కులను లెక్కిస్తూ, అది ముసలిదై, జబ్బుపడి, ఇక ఏ ప్రయోజనమూ లేనిదైనా దాని పోషణ యజమానిపై ఉంటుందని స్పష్టం చేశారు. డమాస్కస్‌లోని పచ్చికబయలు ఒకటి పనికిరాని ముసలి పశువుల కోసం వక్ఫ్‌గా ఉండేదని, అవి చనిపోయేవరకు అక్కడే మేసేవని సిరియా పండితుడు ముస్తఫా సిబాయీ (రహ్మ) రాశారు.

మన దేశపు చట్టం

ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) పాలించినది దాదాపు రెండున్నరేళ్ళే. ఆ కొద్ది కాలంలోనే ఈజిప్టులో బరువులు మోసే ఒంటెలపై వెయ్యి రతల్‌ల వరకు ఎత్తుతున్నారని తెలిసి, ఆరువందలకు మించరాదని అధికారికి లేఖ రాశారు. పశువులకు బరువైన కళ్ళెం తగిలించరాదని, ఇనుప మొన గల కర్రతో పొడవరాదని కూడా ఆదేశించారు.

పన్నెండు వందల సంవత్సరాలు దాటిన తరువాత మన దేశంలో వచ్చిన నిబంధనలు ఇంచుమించు అవే మాటలు చెబుతున్నాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1965లో బండి లాగే పశువులకు, బరువు మోసే పశువులకు నిబంధనలు చేశారు. వాటి ప్రకారం రోజు మొత్తంలో 9 గంటలకు మించి పని చేయించరాదు. విశ్రాంతి లేకుండా వరుసగా 5 గంటలకు మించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుండి 3 గంటల మధ్య పశువును పనిలో పెట్టరాదు. బండిలో తోలేవాడు, ఆరేళ్ళలోపు పిల్లలు కాక నలుగురికి మించి ఎక్కరాదు. ముళ్ళున్న కర్రలు, ముళ్ళున్న కళ్ళెం నిషిద్ధం.

మాటలు చక్కగా ఉన్నాయి. మరి అమలు? 1960 చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం జంతువును హింసించినవానికి మొదటి నేరానికి కనీసం 10 రూపాయలు, గరిష్ఠంగా 50 రూపాయల జరిమానా. మూడేళ్ళలోపు మళ్లీ చేస్తే 25 నుండి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. 1960లో 50 రూపాయలంటే ఒక విలువ ఉండేది. నేడు అది ఒక పూట టిఫిను ఖర్చు. శిక్ష పరిహాసమైనప్పుడు ఆజ్ఞ కూడా పరిహాసమవుతుంది.

జరిమానా పెంచితే సరిపోతుందా? మా దృష్టిలో అది సగం మాటే. గుర్రానికి నీళ్ళు తాగించే తొట్టి నగరంలో ఎక్కడా కట్టకుండా, నీళ్ళు తాగించలేదని యజమానికి వేలల్లో జరిమానా వేస్తే అది న్యాయం అనిపించుకోదు. 2001లో కేంద్రం చేసిన నిబంధనలు ఈ రెండవ సగాన్ని గుర్తించాయి. ప్రతి జిల్లాలో జంతుహింస నివారణ సంఘం ఏర్పాటు కావాలి. పశువుల ఆశ్రయాలకు, వైద్యశాలలకు రాష్ట్ర ప్రభుత్వం స్థలం, సదుపాయాలు కల్పించాలి. అక్కడ పూర్తికాలపు పశువైద్యుడు ఉండాలి. మీ జిల్లాలో ఆ సంఘం ఎక్కడున్నదో, చివరిసారి ఎప్పుడు సమావేశమైనదో కలెక్టరు కార్యాలయంలో అడిగి చూడండి. ఆ ప్రశ్న అడగడమే హిస్బాకు మొదటి మెట్టు.

ధనసహాయం లేని చట్టం ఎలా విఫలమవుతుందో గ్లాండర్స్ వ్యాధి చక్కగా తెలుపుతుంది. గుర్రాలకు, గాడిదలకు వచ్చే ఈ వ్యాధి మనుషులకు కూడా సోకగలదు. వ్యాధి నిర్ధారణ అయిన జంతువును బాధ లేకుండా అంతమొందించక తప్పదు. పేద యజమాని బతుకంతా ఆ ఒక్క గుర్రంపైనే ఉంటే అతడు రక్తపరీక్షకు ముందుకొస్తాడా? దాచిపెడతాడు. అందుకే జాతీయ నియంత్రణ ప్రణాళికలో గుర్రానికి 25,000 రూపాయలు, గాడిద లేక కంచరగాడిదకు 16,000 రూపాయల పరిహారం నిర్ణయించారు. ఆ సొమ్ము యజమానికి మాత్రమే కాక పక్కింటి పిల్లవాడి ఆరోగ్యానికి కూడా రక్షణే.

ముంబయి, డబ్లిన్ నేర్పిన పాఠాలు

మన దేశంలో ఈ విషయం నడిచిన తీరుకు ముంబయి పెద్ద నిదర్శనం. అక్కడి సముద్రతీరాన పర్యాటకులను తిప్పే ‘విక్టోరియా’ గుర్రపుబండ్లపై ఒక జంతు సంక్షేమ సంస్థ వేసిన వ్యాజ్యంలో 2015 జూన్‌లో బొంబాయి హైకోర్టు తీర్పు వెలువరించింది. వినోదం కోసం ఆ బండ్లను నడపడం చట్టవిరుద్ధమని చెప్పి, నిలిపివేతకు ఒక సంవత్సరం గడువు ఇచ్చింది. ఆ తీర్పులోనే యజమానులకు, తోలేవారికి పునరావాస పథకం తయారుచేయాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఒకే తీర్పులో గుర్రమూ, కుటుంబమూ కనిపించాయి. ఇది మెచ్చుకోదగినది.

అయితే ఆ పథకం ఒక రూపానికి రావడానికి 2017 వరకు పట్టింది. 91 మంది యజమానులను, 130 మంది తోలేవారిని గుర్తించి, లక్ష రూపాయలతోపాటు వీధివ్యాపార అనుమతి, లేదా ఒకేసారి 3 లక్షల రూపాయలు అనే ప్రతిపాదన వచ్చింది. 2021 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి ఉద్ధవ్ ఠాక్రే చేతుల మీదుగా గుర్రం లేని విద్యుత్ విక్టోరియాలు ఆరంభమయ్యాయి. ఇది ముగింపుగా బాగానే ఉన్నది. కాని ఉపాధి ఆగిన నాటికి, సహాయం అందే నాటికి మధ్య ఉన్న కాలాన్ని ఎవరు భరించాలి? మేత ఖర్చు ఒక్క రోజు కూడా వాయిదా పడదు. పథకం చేతికి అందిన తరువాత నిషేధం అమలుకావాలి. ముందు గడ్డి, తరువాత ఆజ్ఞ. హజ్రత్ ఉమర్ (రజి) క్రమం అది.

గుర్రాన్ని స్వాధీనం చేసుకున్న తరువాత దానిని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు సమాధానం లేకపోతే ఏమవుతుందో ఐర్లండ్ దేశపు రాజధాని డబ్లిన్ చూసింది. అక్కడి పేద బస్తీలలో యువకులు గుర్రాలు పెంచడం పాత అలవాటు. 1996లో ఆ దేశం గుర్రాల నియంత్రణ చట్టం తెచ్చి, నిర్ణీత ప్రాంతాల్లో లైసెన్సు లేనివాటిని, వీధుల్లో తిరిగేవాటిని స్వాధీనం చేసుకునే అధికారం స్థానిక సంస్థలకు ఇచ్చింది. అందుకు వ్యవసాయ శాఖ నిధులు కూడా సమకూర్చింది. విడిపించుకునే రుసుము కట్టలేని యజమానులు తిరిగి రాకపోవడంతో, స్వాధీనమైన గుర్రాలలో చాలా వాటిని చివరకు చంపవలసి వచ్చింది. సంక్షేమం పేరిట మొదలైన ఖర్చులో పెద్ద భాగం మరణానికే వెళ్ళింది. తరువాత అక్కడి ప్రభుత్వమే స్థానిక సంస్థలకు వేరొక రకమైన నిధులు ఇవ్వసాగింది. బస్తీల దగ్గర గుర్రపుశాలలు కట్టడం, యువకులకు గుర్రాల పెంపకంలో శిక్షణ ఇవ్వడం అందులో భాగం. అదే సొమ్ము గుర్రాన్ని పట్టుకోవడానికి కాక, పట్టుకోవలసిన అవసరం రాకుండా చేయడానికి ఖర్చయింది.

మన ఊళ్ళ సంగతి

విజయవాడ, గుంటూరు, నెల్లూరు వంటి పట్టణాల్లో రైల్వేస్టేషను ముందు జట్కాబండ్లు బారులు తీరిన కాలం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ‘జట్కా సాయిబు’ అన్న మాట తెలుగులో నిలిచిపోయిందంటే ఆ వృత్తిలో మనవారు ఎందరుండేవారో ఊహించవచ్చు. జట్కా తోలేవాడు, లాడాలు కొట్టే నాల్‌బంద్, జీను కుట్టేవాడు, గడ్డి మోపులు అమ్మే ముసలమ్మ, వీరందరి పొయ్యి ఒక గుర్రం మీద వెలిగేది. ఆటోలు వచ్చాయి, జట్కాలు పోయాయి. ముంబయిలో వలె కోర్టు తీర్పు లేదు, గడువు లేదు, పరిహారమూ లేదు. ఆ గుర్రాలు ఏమయ్యాయో, ఆ కుటుంబాలు ఎటు వెళ్ళాయో ఎవరూ లెక్క రాయలేదు.

దేశం మొత్తం మీద 2012 పశుగణనలో 6 లక్షల 25 వేల దాకా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు 2019 నాటికి 3 లక్షల 40 వేలకు పడిపోయాయి. మిగిలినవాటిలో పట్టణాలలో ఉన్నవి పెళ్ళి ఊరేగింపులకు, పిల్లల సవారీకి ఉపయోగపడుతున్నాయి. సీజనులో రాత్రికి రెండు మూడు పెళ్ళిళ్లు, సీజను దాటితే నెలల తరబడి ఖాళీ. గుర్రం ఎండిపోయేది ఆ ఖాళీ నెలల్లోనే.

ఉభయ తెలుగు రాష్ట్రాల్లో 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ఉన్నాయి. ఇవి ప్రధానంగా పల్లెల్లోని పాడి పశువుల కోసం ఏర్పాటైనవి. వీటిలో ఒకటి వారానికొక రోజు పాతబస్తీకో, గుర్రాలు కట్టే పేటకో వచ్చి డెక్కలు, పళ్ళు, పుండ్లు చూసి, ధనుర్వాతం టీకా వేసి వెళ్తే ఖజానాకు పెద్ద భారం కాదు. రెండు మూడు కూడళ్ళలో నీటి తొట్టెలు, యజమానులకు ఉచిత నమోదు, నమోదైన గుర్రానికి ఖాళీ నెలల్లో రాయితీపై దాణా. ఇవి అందిన తరువాత కూడా పుండుపై జీను వేసేవానికి కఠినమైన జరిమానా. మేము కోరేది ఇవే. స్థానిక కౌన్సిలరుకు, పశుసంవర్ధక శాఖకు వినతిపత్రం ఇచ్చేటప్పుడు వీధిదీపాలు, మురుగు కాల్వలతోపాటు ఈ కోరికలు కూడా చేర్చవలసిందిగా మసీదు కమిటీలకు మా మనవి.

ఇక్కడ ఒక అనుమానానికి సమాధానం చెప్పాలి. గుర్రాలవారిలో మన పేదలు ఎక్కువ గనుక, తనిఖీ అంటే మనవారిని వేధించడానికేనని కొందరు భయపడతారు. ఆ భయానికి కారణాలు ఉండవచ్చు. అధికారి చేతిలో చట్టం లంచానికి సాధనం కాకూడదు. అందుకే జరిమానాకు ముందు సదుపాయం కావాలంటున్నాము. కాని మనవాడన్న ఒక్క కారణంతో హింసను కప్పిపుచ్చడం ధర్మం కాదు. మదీనా తోటలో ప్రవక్త (స) మందలించినది కూడా మనవాణ్ణే, అన్సారీ యువకుణ్ణే.

మన ఇంటి బాధ్యత

ప్రభుత్వం చేయవలసింది చెప్పాము. మన ఇళ్ళలో చేయవలసింది అంతకంటే దగ్గరిది.

నిరాడంబరమైన నికాహ్‌లోనే శుభం ఎక్కువ. ఊరేగింపు, డీజే, బాణసంచా లేని వివాహమే సున్నత్‌కు చేరువ. ఈ మాట మేము ప్రతి పెళ్ళిళ్ల కాలంలోనూ చెబుతూనే ఉన్నాము. అయితే అందరూ గుర్రాన్ని పిలవడం మానేస్తే ఆ యజమాని ఏమి తినాలని ఒక సోదరుడు మమ్మల్ని అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆడంబరం మానిన ఇల్లు, ఆ మిగిలిన సొమ్ములో కొంత అతనికి సహాయంగా పంపితే పుణ్యమూ దక్కుతుంది, పొయ్యీ ఆరదు.

ఏదో కారణం చేత గుర్రాన్ని పిలిచినవారు మాత్రం కిరాయి ఇచ్చాము గనుక బాధ్యత తీరిందనుకోరాదు. ముందు రోజే వెళ్ళి గుర్రాన్ని చూడండి. జీను కింద చేయి పెట్టి చూడండి. పుండు ఉంటే ఆ గుర్రం వద్దనండి. కుంటుతున్నదేమో నాలుగడుగులు నడిపించి చూడండి. దాని చెంత టపాకాయలు కాల్చనివ్వకండి. ఊరేగింపు ఆలస్యమైతే వరుణ్ణి దింపి దానికి బకెట్టు నీళ్ళు పెట్టించండి. అదనపు సమయానికి అదనపు కిరాయి బేరమాడకుండా ఇవ్వండి. ఆ సొమ్మే రేపటి దాణా. బరువైన వయోజనులు సరదాకు ఎక్కడం, పిల్లలు తోక లాగడం చూస్తే తల్లులు అక్కడికక్కడే వారించాలి. పిల్లవాడు కరుణను మొదట నేర్చుకునేది ఇటువంటి చోటనే.

జకాత్ గురించి కొందరికి సందేహం ఉంటుంది. జకాత్ ఎవరికి చెందుతుందో దివ్యఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. గుర్రం మేతకు, నీటి తొట్టి కట్టడానికి జకాత్ సొమ్ము నేరుగా వాడరాదు. వాటికి సదఖా ఉన్నది, వక్ఫ్ ఉన్నది. అయితే గుర్రం యజమాని నిరుపేద అయితే అతని చేతికి జకాత్ ఇవ్వవచ్చు. సొమ్ము అతనిదైన తరువాత దానితో పిల్లలకు అన్నం, గుర్రానికి దాణా కొనుక్కోవడం అతని ఇష్టం. ఇక మసీదు వెలుపల వుజూకు నీళ్ళుండే చోట, బజారు వైపు గోడకు ఆనించి ఒక సిమెంటు తొట్టి కట్టించడానికి అయ్యే ఖర్చు ఎంత? మరణించిన తల్లిదండ్రుల పేర శాశ్వత పుణ్యం కోరేవారు ఈ మార్గం కూడా ఆలోచించాలి. ప్రాణమున్న ప్రతి జీవికి చేసే మేలులో పుణ్యం ఉన్నదని ప్రవక్త (స) శుభవార్త అందించారు. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాగించినవాడు క్షమాభిక్ష పొందాడు. పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైంది.

చట్టసభలో గుర్రానికి ఓటు లేదు, న్యాయస్థానంలో దానికి గొంతు లేదు. ఇబ్నుల్ హుమామ్ (రహ్మ) దాని వాజ్యాన్ని మన చేతుల్లో పెట్టారు. రేపు ప్రళయదినాన అది స్వయంగా మాట్లాడే వేళ వస్తే, మనపై కాక మన తరఫున మాట్లాడేలా నేడు నడుచుకుందాము. అధికారం ఉన్నవారికి న్యాయాన్ని, ఐశ్వర్యం ఉన్నవారికి ఉదారతను, గుర్రాన్ని నమ్ముకున్న పేద సోదరులకు విస్తృతమైన ఉపాధిని, మనందరికీ కరుణార్ద్ర హృదయాలను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.